తోలు ఒలిచిందెవరు? - ఒక విదేశీ కళా శిబిరం ముందుకు తెచ్చిన ప్రశ్న

(దళిత బహుజన విద్యార్థుల అధ్యయన తరగతుల్లో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహక మిత్రులు నాకు ఇచ్చిన అంశం "విదేశాల్లో వివిధ సంస్కృతుల విద్యార్థులతో కలిసి కళా సృష్టి". వినడానికి చాలా అందంగా ఉంది. కరపత్రంలో చూసినప్పుడు నాకే ముచ్చటేసింది. అయితే ఈ మాటలో "వివిధ సంస్కృతులు" అన్న ముక్క దగ్గర మనం కాసేపు ఆగాలి. అంతర్జాతీయ కళా శిబిరాల్లో సంస్కృతుల్ని దేశాల లెక్కన చూస్తారు. జపాన్‌కి ఒక కుర్చీ, జర్మనీకి ఒక కుర్చీ, ఇండియాకి ఒక కుర్చీ. ఇండియా కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చెబితే అదే భారతీయ సంస్కృతి. ఆ కుర్చీలో ఇప్పటిదాకా ఎవరు కూర్చున్నారు, మనవాళ్లు కూర్చుంటే ఏమవుతుంది అన్నదే నేను ఇవాళ మాట్లాడబోయే విషయం.

నేను దృశ్యకళల చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తోలుతో చేసిన కళారూపాలు, వాటి వెనక ఉన్న శ్రమ నా పరిశోధనాంశం. మాది అనంతపురం వైపు ఒక పల్లె. మా జేజినాయన కపిలె బానలకి తోలు తొండాలు కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, డప్పు మూసేవాడు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ఏడు వారాల కళా శిబిరానికి ఎంపికయ్యాను. శిబిరంవాళ్లు బస, భోజనం ఇచ్చారు. విమానం టికెట్టు మాత్రం మనదే. ఆ డబ్బు మన విద్యార్థి మిత్రులు, ఊళ్లో ఇద్దరు టీచర్లు చందాలేసి ఇచ్చారు. కాబట్టి ఇవాళ నేను చెప్పేదాన్ని మీకు ఒప్పజెప్పే లెక్క అనుకోండి.

ఆరుగురం, ఒక తెర

శిబిరంలో మమ్మల్ని బృందాలుగా విడగొట్టారు. మా బృందంలో ఆరుగురం. జావాకి చెందిన ఒక అబ్బాయి, జపాన్ నుంచి ఒక అమ్మాయి, జర్మనీ నుంచి ఒక అబ్బాయి, ఫిలిప్పీన్స్ కొండప్రాంతం కార్డిల్లెరా నుంచి ఒక అమ్మాయి, ఢిల్లీలో చదువుకుంటున్న ఇంకో భారతీయ అమ్మాయి, నేను. చివర్లో ఆరుగురం కలిసి ఒక తోలుబొమ్మల ప్రదర్శన చెయ్యాలి, దానికి వాడిన బొమ్మల్ని గ్యాలరీలో పెట్టాలి. అదీ మా పని.

ఆ ఊళ్లో తోలుబొమ్మ అంటే అందరికీ ప్రాణం. వాళ్లు దాన్ని "వాయాంగ్ కులిత్" అంటారు. కులిత్ అంటే తోలు. యునెస్కో 2003లో వాయాంగ్‌ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. మనకి తోలుబొమ్మలాట ఉంది. మా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి. ఆట ఆడించేవాళ్లు తగ్గిపోయి, అదే తోలుతో ల్యాంపు షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

రెండింటికీ పనితనంలో పెద్ద తేడా ఉంది. మన బొమ్మకి మేక తోలు వాడతారు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు దాటేంత పలచన చేస్తారు. అందుకే మన తెరమీద నీడకి రంగు ఉంటుంది. జావా బొమ్మకి ఎనుము తోలు. అది మందంగా ఉంటుంది, వెలుతురు దాటదు. ఉలితో పొడిచిన సన్నటి బెజ్జాల్లోంచి వెలుతురు వస్తుంది. అక్కడ నీడ నల్లగా ఉంటుంది, అందులో వెలుతురు గీతలు గీస్తుంది. బొమ్మని పట్టుకునే పిడి కూడా ఎనుము కొమ్ముతోనే చేస్తారు. ఈ రెండు రకాల నీడల్నీ ఒకే తెర మీద ఆడించాలని మొదటి వారమే అనుకున్నాం. అక్కడిదాకా ఏ గొడవా లేదు.

పుచుంగ్ ఊళ్లో

యోగ్యకర్తకి దక్షిణాన బంతుల్ జిల్లా. అందులో ఇమోగిరి దగ్గర వుకిర్‌సారి గ్రామం, దానిలో పుచుంగ్ అనే చిన్న పల్లె. ఆ పల్లెలో ఇంటింటా తోలుబొమ్మలు చెక్కుతారు. మాకు పది రోజుల పాటు అక్కడ పని నేర్పించారు.

పచ్చితోలుని వెదురు చట్రానికి తాళ్లతో లాగి కట్టి ఎండలో పెడతారు. ఎండాక రెండు వైపులా గీకుతారు. ఆ వాసన నాకు కొత్త కాదు. మిగతా ఐదుగురికీ కొత్త. నాకు నేర్పించిన పెద్దాయన నా చెయ్యి చూసి, ఈ పిల్లకి కత్తి పట్టడం వచ్చు అన్నాడని జావా అబ్బాయి తర్జుమా చేసి చెప్పాడు. మీ ఊళ్లో తోలు ఎలా చేస్తారని అడిగాడాయన. నేను చెప్పాను. సున్నం నీళ్లల్లో నానబెట్టి బొచ్చు తీస్తారని, లందలో తంగేడు చెక్క వేసి ఊరబెడతారని, ఆరె, రంపె, గూటం ఎలా ఉంటాయో బొమ్మ గీసి చూపించాను. ఆయన ఆ కాగితం మడిచి దాచుకున్నాడు. తంగేడు చెక్క గురించి మూడుసార్లు అడిగాడు.

తర్వాత ఇంకో ప్రశ్న అడిగాడు. మీ జేజినాయన చేసిన వస్తువులు ఎక్కడున్నాయి, ఏదైనా మ్యూజియంలో పెట్టారా అని. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. ఆయనకి తెలిసిన లోకంలో తోలుపని బాగా వచ్చినవాడు ఊళ్లో గౌరవనీయుడు. మా ఊళ్లో ఆ పని చేసినవాడు ఊరి బావిలో నీళ్లు తోడుకోలేకపోయాడు, ఆయన కుట్టిన తొండంతోనే ఆ బావి నీళ్లు పొలానికి పారాయి అని చెప్పాను. తర్జుమా చేస్తున్న అబ్బాయి రెండుసార్లు ఆగి, సరిగ్గా విన్నానా అని నన్ను అడిగాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జావాని నేను స్వర్గంగా చూపించడం లేదు. అక్కడి భాషలోనే పెద్దలతో ఒక రకం, చిన్నవాళ్లతో ఒక రకం మాటలున్నాయి. యోగ్యకర్తకి ఇప్పటికీ సుల్తానే గవర్నరు. పక్కనే ఉన్న బాలిలో కులాల అంతరాలున్నాయి. 1965-66లో కమ్యూనిస్టులన్న పేరుతో లక్షల మందిని చంపిన దేశం అది. లెక్రా అనే ప్రజాకళాకారుల సంఘాన్ని నిషేధించి, దాని కళాకారుల్ని జైళ్లలో పెట్టారు. కానీ తోలు ముట్టుకున్నందుకు మనిషిని తరతరాలుగా ఊరికి అవతల పెట్టే ఏర్పాటు పుచుంగ్‌లో నాకు కనబడలేదు. యోగ్యకర్తలో పనసకాయ కూర గుదెగ్ చాలా ప్రసిద్ధి. దాని పక్కన క్రెచెక్ అని తోలుతో చేసిన కారపు కూర వడ్డిస్తారు. తోలు అక్కడ తెర మీదా ఉంటుంది, పళ్లెంలోనూ ఉంటుంది. అంటే తోలులో మైల లేదు. మైల మన దేశంలో మనుషులు కల్పించింది. ఈ మాట మనం ఉపన్యాసాల్లో వందసార్లు విన్నాం. ఒక ఊరు ఊరంతా అలా బతకడం కళ్లారా చూడటం వేరు.

గోడమీది రాత

గొడవ నాలుగో వారంలో మొదలైంది. గ్యాలరీలో బొమ్మల పక్కన గోడమీద ఒక పేజీ వివరణ పెట్టాలి. ఢిల్లీ అమ్మాయి చక్కటి ఇంగ్లిషులో చిత్తుప్రతి రాసింది. దాని సారాంశం ఏమిటంటే, రామాయణ మహాభారతాలు భారతదేశం నుంచి సముద్రం దాటి జావా చేరాయి, తోలుబొమ్మ ఈ రెండు దేశాల ఉమ్మడి ఆధ్యాత్మిక వారసత్వం, ఈ ప్రదర్శన ఆ పాత బంధానికి నివాళి. పేజీ మొత్తంలో తోలు అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ బొమ్మ పేరులో.

నేను రెండు వాక్యాలు చేర్చమన్నాను. ఈ బొమ్మల తోలుని ఎవరు ఒలిచారు, ఎవరు శుభ్రం చేశారు అన్నది రాయాలని, భారతదేశంలో ఆ పని చేసినవాళ్లని అంటరానివాళ్లుగా చూశారని, ఇంకా చూస్తున్నారని రాయాలని అడిగాను. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. చాలా మర్యాదగానే అంది: "కులం సంగతి మన ఇంటి విషయం కదా. ఇక్కడ మనం దేశం తరఫున వచ్చాం. పైగా మన ప్రాజెక్టు కళ గురించి." జర్మనీ అబ్బాయి, ఇది మీ ఇద్దరి మధ్య విషయం, భారత సంస్కృతి గురించి మేం ఎలా తీర్పు చెప్పగలం అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. వేరే దేశం సంస్కృతి మీద తెల్లవాడిగా తను పెత్తనం చెయ్యకూడదనుకున్నాడు.

మిత్రులారా, ఈ మర్యాద గురించి మనం లోతుగా ఆలోచించాలి. పాత వలసవాది మన సంస్కృతిని చిన్నచూపు చూశాడు. కొత్త ఉదారవాది మన సంస్కృతిని గౌరవిస్తానంటున్నాడు. కానీ ఆ సంస్కృతి ఏమిటో ఎవర్ని అడిగి తెలుసుకుంటున్నాడు? శిబిరం వంటగదిలో ఢిల్లీ అమ్మాయికి వేరే గిన్నె, వేరే గరిటె ఇచ్చారు. మాంసం వండిన గిన్నెలు తన గిన్నెలకి తగలకూడదని ఆమె కోరింది. ఎవరూ ఎందుకని అడగలేదు, అది వాళ్ల సంస్కృతి అనుకున్నారు. ఒకరి తిండి ఒకరి ఇష్టం, నేను కాదనను. కానీ అదే గిన్నెల వేరుపాటు మా ఊరి టీకొట్లో రెండు గ్లాసులుగా ఎలా ఉండేదో నేను చెప్పినప్పుడు మాత్రం అది "రాజకీయం" అయింది. ఆమె అలవాటుకి సంస్కృతి అని పేరు, నా అనుభవానికి రాజకీయం అని పేరు. సంస్కృతుల మధ్య సంభాషణ అని పిలిచే వేదికల మీద కులం ఇలా దాక్కుంటుంది. దేశభక్తి ముసుగు ఒకటి, వైవిధ్యం ముసుగు ఇంకొకటి.

ఈ ప్రతిష్టంభనని కదిలించింది జపాన్ అమ్మాయి. ఆ రోజు రాత్రి అందరూ కూర్చున్నప్పుడు ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. మా దేశంలో కూడా తోలు గురించి మాట్లాడరు అంది. జపాన్‌లో పశువుల్ని కోసేవాళ్లని, తోళ్లు శుద్ధి చేసేవాళ్లని శతాబ్దాల పాటు వెలివేశారు. వాళ్లని ఇప్పుడు బురాకు ప్రజలంటారు. 1871లో ప్రభుత్వం ఆ వెలి హోదాని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వివక్ష మాత్రం పెళ్లిళ్లలో, ఉద్యోగాల్లో కొనసాగింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టే తైకో డోలుకి తోలు బిగించింది ఆ చేతులే. డోలు వాయించినవాడికి వేదిక, డోలు చేసినవాడికి వెలి. ఒసాకాలోని నానివా ప్రాంతంలో బురాకు యువకులు తామే డోలు బృందం పెట్టుకుని దానికి "ఇకారి" అని పేరు పెట్టుకున్నారు. ఇకారి అంటే కోపం.

నేను డప్పు గురించి చెప్పాను. చావుకి కొట్టమని పిలిచి, పెళ్లి పందిట్లోకి రానివ్వని వాద్యం గురించి, దాన్నే ఉద్యమ వాద్యంగా మన వాళ్లు ఎలా మార్చుకున్నారో చెప్పాను. చిర్ర, చిటికెన పుల్ల పట్టుకోవడం బల్ల మీద చూపించాను. కార్డిల్లెరా అమ్మాయి కల్పించుకుంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో తమ కొండజాతుల మనుషుల్నే ప్రదర్శనకి పెట్టారని, ఇప్పుడేమో తమ నేతబట్టల్ని, గంటల్ని "ఫిలిప్పీన్స్ సంస్కృతి" పేరుతో రాజధానివాళ్లు ప్రదర్శిస్తున్నారని చెప్పింది. అంటే ఒక్కో దేశపు కుర్చీ కింద నేల మీద కూర్చున్నవాళ్లు ఉన్నారన్నమాట. ఆ రాత్రి మాట్లాడుకున్నది వాళ్లు.

ఈ పోలికలు యాదృచ్ఛికం కాదు. చరిత్ర చూడండి. 1922 మార్చిలో క్యోటోలో బురాకు ప్రజలు సుయిహెయిషా అనే సంఘం పెట్టారు. నీటి మట్టంలా అందరూ సమానం అని ఆ పేరుకి అర్థం. 1923లో కొరియాలోని జిన్‌జు పట్టణంలో పశువధ, తోలుపని చేసే పెక్‌జోంగ్ ప్రజలు హ్యోంగ్‌ప్యోంగ్‌సా పెట్టారు. త్రాసులా సమానం అని దాని అర్థం. ఈ రెండు సంఘాల మధ్య రాకపోకలు కూడా నడిచాయి. 1927లో బాబాసాహెబ్ నాయకత్వంలో మహద్ చెరువు సత్యాగ్రహం జరిగింది. నీటి మట్టం, త్రాసు, చెరువు. అయిదేళ్ల వ్యవధిలో ఆసియాలోని మూడు చోట్ల వెలివేయబడ్డవాళ్లు సమానత్వం కోసం లేచారు. రామాయణం సముద్రం దాటిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ మూడు పోరాటాల్ని పక్కపక్కన పెట్టి చెప్పే పాఠం నాకు బడిలో ఎక్కడా దొరకలేదు.

కలిసి పనిచేయడం అంటే

జావాలో మేం రోజూ విన్న మాట "గోతోంగ్ రోయోంగ్". అందరూ కలిసి బరువు మొయ్యడం అని అర్థం. ఇల్లు కట్టినా, కాలువ తవ్వినా ఊరంతా వచ్చి చెయ్యి వేస్తారు. సుకర్ణో 1945 జూన్ 1న చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో తన సిద్ధాంతాలన్నిటినీ చివరికి ఈ ఒక్క మాటలోకి కుదించాడు. శిబిరంవాళ్లకి కూడా ఇదే ఆదర్శం. వినగానే నాకూ నచ్చింది. అయితే జాన్ బోవెన్ అనే మానవశాస్త్రవేత్త 1986లోనే దీని మీద ఒక వ్యాసం రాశాడు. ఊళ్లలో ఉన్న రకరకాల సహాయ పద్ధతుల్ని కలగలిపి ఈ మాటని ఒక జాతీయ సంప్రదాయంగా నిలబెట్టారని, ప్రభుత్వాలు ఆ పేరుతోనే గ్రామీణుల చేత కూలి లేని పని చేయించుకున్నాయని ఆయన చూపించాడు.

ఇది మనకి అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. తెలంగాణలో వెట్టిని కూడా ఆచారం అనే పిలిచారు. దొరకి చెప్పులు కుట్టివ్వడం ఆచారం, మోటకి తోలు ఇవ్వడం ఆచారం, డప్పు కొట్టి చాటింపు వెయ్యడం ఆచారం. కళ్లం దగ్గర పెట్టే నాలుగు గింజల మేర కూడా ఆచారమే. కలిసి చేద్దాం అన్న మాట ఎవరు అంటున్నారు, కష్టం ఎవరిది, పేరు ఎవరిది అని అడగకపోతే సామూహికత అన్నది వెట్టికి ముద్దుపేరు అవుతుంది. కులం పనుల్ని మాత్రమే విడదీయలేదు, పనిచేసే మనుషుల్నే అంచెలంచెలుగా విడదీసింది అని అంబేద్కర్ 1936లో కులనిర్మూలనలో చెప్పిన విషయం కళాకారుల బృందానికి కూడా వర్తిస్తుంది. మా బృందంలో మొదటి మూడు వారాలు ఆలోచన ఎవరు చెప్పారు, తోలు ఎవరు గీకారు, నేల ఎవరు ఊడ్చారు అని నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆలోచనలు ఎక్కువగా ఇద్దరివి, ఊడ్పు ఎక్కువగా ముగ్గురిది. ఆ పేజీ చూపించాక ఊడ్పు కూడా వంతులవారీగా మారింది. జర్మనీ అబ్బాయి మారుమాట లేకుండా చీపురు పట్టాడు.

ఇంకో చర్చ కూడా మాకు ఉపయోగపడింది. తారింగ్ పాడి అనే కళాకారుల సముదాయం 1998లో యోగ్యకర్తలోనే పుట్టింది. కొయ్య అచ్చుల పోస్టర్లు, అట్టబొమ్మలు వాళ్ల ఆయుధాలు. జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగే డాక్యుమెంటా అనే పెద్ద ప్రదర్శన 15వ విడతని 2022లో జకార్తాకి చెందిన రువాంగ్‌రూపా అనే సముదాయం నడిపింది. అందరి వడ్లూ ఒకే గాదెలో పోసుకుని పంచుకోవడం అనే భావన మీద ఆ ప్రదర్శన మొత్తాన్ని కట్టారు. అందులో తారింగ్ పాడి 2002లో చేసిన ఒక భారీ బ్యానర్ పెట్టారు. సుహార్తో సైనిక పాలన మీద చేసిన బొమ్మ అది. కానీ అందులో యూదుల్ని ద్వేషపూరితంగా చూపించే ఆకారాలున్నాయి. జర్మనీలో తీవ్ర అభ్యంతరం వచ్చింది. బ్యానర్‌కి ముందు ముసుగు వేశారు, తర్వాత తీసేశారు. తారింగ్ పాడి క్షమాపణ చెప్పింది.

దీని మీద మా ఆరుగురిలో ఆరు అభిప్రాయాలున్నాయి. నా అభిప్రాయం చెబుతాను. పీడితుడు గీసిన బొమ్మలో ఇంకో పీడితుడికి గాయం చేసే గీత ఉంటే, అది నా సంస్కృతి, నా సందర్భం అని తప్పించుకోలేం. ఆ సూత్రాన్ని తారింగ్ పాడికి వర్తింపజేస్తే, నిచ్చెనమెట్ల కులాన్ని వారసత్వంగా చూపించే భారతీయ ప్రదర్శనలకి కూడా వర్తింపజెయ్యాలి. యూదు వ్యతిరేకతని చూడగానే గుర్తుపట్టే చూపు యూరప్ మ్యూజియాలకి వచ్చింది. దాని వెనక లక్షల ప్రాణాలున్నాయి, దశాబ్దాల ఉద్యమం ఉంది. కులాన్ని గుర్తుపట్టే చూపు వాళ్లకి ఇంకా రాలేదు. దాన్ని నేర్పాల్సిన పని మన మీద ఉంది.

చివరికి మేం చేసింది ఇది. జావా వాయాంగ్‌లో సేమార్ అనే సేవకుడు ఉంటాడు. బానపొట్ట, హాస్యం, రాజుల్ని కూడా మందలించే నోరు. భారతీయ ఇతిహాసాల్లో ఆ పాత్ర లేదు, అది జావా ప్రజలు చేర్చుకున్నది. మన తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడు ఉన్నారు. వాళ్లు కూడా ఇతిహాసాల్లో లేరు. రాజుల కథ మధ్యలో దూరి జనం మాట మాట్లాడేవాళ్లు. మేం రాముణ్ని, అర్జునుణ్ని పక్కన పెట్టి ఈ ముగ్గుర్నీ తెర మీదకి తెచ్చాం. నల్లనీడ సేమార్, రంగునీడ బంగారక్క, కేతిగాడు. ఇరవై నిమిషాల ఆట. బంగారక్క సేమార్‌ని అడుగుతుంది, నీ ఒంటి తోలు ఎవరు ఒలిచారు అని. అక్కడి నుంచి వాళ్లు తమని తయారుచేసినవాళ్లని వెతుక్కుంటూ బయల్దేరతారు. ఒక చోట తైకో డోలు, ఒక చోట డప్పు, ఒక చోట కొండవాళ్ల గంటలు వినిపిస్తాయి. పుచుంగ్ నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్లు సేమార్ మాటలకి పగలబడి నవ్వారు.

గోడమీది రాత కూడా మారింది. ఆ రెండు వాక్యాలు చేరాయి. దాని కింద ఒకే సైజు అక్షరాల్లో పేర్లు పెట్టాం. తోలు శుద్ధి చేసినవాళ్లు, చెక్కినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, వండిపెట్టినవాళ్లు, ఆ తర్వాత మా ఆరుగురం. ఢిల్లీ అమ్మాయి ఒప్పుకున్నదా అని మీరు అడగొచ్చు. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ సంతకం పెట్టింది, ఆటలో కేతిగాణ్ని తనే ఆడించింది, బాగా ఆడించింది. తోలు గీకే పనిలో ఆఖరి వారం నా పక్కనే కూర్చుంది. అదొక అడుగు అని నేను అనుకుంటున్నాను. అంతకన్నా పెద్దమాట వాడను.

ఆ తర్వాత నిర్వాహకులు వేసిన రంగుల పుస్తకంలో మాత్రం మా పనికి ఒక పేజీ వచ్చింది. దానిలో పుచుంగ్ వాళ్ల పేర్లు లేవు. ఆ రెండు వాక్యాలు లేవు. "ప్రాచీన భారతీయ, జావా సంప్రదాయాల సంగమం" అని రాశారు. స్థలం చాలలేదన్నారు. మేం ఆరుగురం కలిసి ఉత్తరం రాశాం. ఆరుగురం అని నొక్కి చెబుతున్నాను. ఇంకా జవాబు రాలేదు.

ఎవరు వెళ్తారు, ఏం చదువుతారు

బాబాసాహెబ్ కూడా విదేశంలో చదివిన విద్యార్థే. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916 మే 9న, మానవశాస్త్రం సెమినార్‌లో రకరకాల దేశాల సంగతులు చర్చించే చోట, భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. ఇండియా కుర్చీలో కూర్చుని ఆయన దేశాన్ని పొగిడే పత్రం చదవలేదు, దేశం దాచిపెట్టిన విషయాన్ని బల్ల మీద పెట్టారు. సమాజంలో ఒక చోట వచ్చిన మార్పు మిగతా చోట్లకి చేరేలా అనేక దారులు తెరిచి ఉండాలని ఇరవై ఏళ్ల తర్వాత కులనిర్మూలనలో రాశారు. కలిసి చేసే కళకి నాకు తెలిసిన మంచి నిర్వచనం అదే.

ఇప్పుడు ఆ దారి పరిస్థితి చూడండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి దేశం మొత్తానికి 125 స్థానాలున్నాయి. వాటిలో ఎస్సీలకి 115, సంచార, విముక్త జాతులకి 6, భూమిలేని కూలీలకి, సాంప్రదాయ చేతివృత్తులవాళ్లకి కలిపి 4. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల్లో ఒక కొత్త నిబంధన పెట్టారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేసేవాళ్లకి ఈ సాయం వర్తించదు. పైగా ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 విద్యాసంస్థల్లోనే చేరాలి.

దీని అర్థం ఏమిటి? కులం మీద విదేశంలో పరిశోధన చేస్తానంటే ఈ ఉపకార వేతనం రాదు. బాబాసాహెబ్ కొలంబియాలో ఎం.ఏ.కి రాసిన సిద్ధాంత గ్రంథం ప్రాచీన భారత వాణిజ్యం మీద. ఆ నిబంధన అప్పుడు ఉండి ఉంటే ఆ అంశానికి తిరస్కరణ వచ్చేది. డప్పు మీద, తోలుబొమ్మ మీద, చెప్పు మీద పరిశోధన చేసే నాలాంటివాళ్లకీ అంతే. తల్లిదండ్రులు ఫీజు కట్టగలిగిన పిల్లలు మాత్రం ఏ విశ్వవిద్యాలయానికైనా వెళ్లి భారతీయ సంస్కృతి మీద ఏమైనా రాసుకోవచ్చు. ఇండియా కుర్చీ ఎవరికో ప్రభుత్వమే నిబంధన రాసి తేల్చినట్టయింది. ఇక ర్యాంకుల సంగతి. చేతిపని నేర్పే ఆసియా కళాసంస్థల్ని ఆ పట్టికలు కొలవవు. జకార్తా, యోగ్యకర్త, క్యోటో వైపు చూడాల్సిన మన విద్యార్థికి లండన్ వైపే తల తిప్పమని చెబుతున్నారు.

అందుకని నాలుగు పనులు చెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, ఈ నిబంధన తొలగించాలని మనం పట్టుబట్టాలి. వినతిపత్రాల్లో రాజకీయ శాస్త్రం, చరిత్ర విద్యార్థులతో పాటు కళల విద్యార్థుల పేరు కూడా ఉండాలి. రెండోది, మన రాష్ట్రాల విదేశీ విద్యా పథకాల్లో లలితకళలకి, ఇలాంటి పొట్టి శిబిరాలకి కూడా చోటు అడగాలి. ఒక విమానం టికెట్టు కోసం ప్రతిసారీ ఊళ్లో చందాలెయ్యడం మన పిల్లల రాత కాకూడదు. మూడోది, ఏ బృందంలో పనిచేసినా మొదటి రోజే కాగితం మీద రాసుకోండి: ఎవరి పని ఏది, పేర్లు ఏ వరసలో వస్తాయి, వివరణ ఎవరు రాస్తారు, అచ్చుపుస్తకంలో మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి. మాకు ఆ ఆఖరి షరతు లేకపోవడం వల్లే పేర్లు పోయాయి. నాలుగోది, బురాకు, పెక్‌జోంగ్ ప్రజల చరిత్రని, కొండజాతుల పోరాటాల్ని తెలుగులోకి తెచ్చుకుందాం. మన డప్పు చరిత్రని వాళ్ల భాషల్లోకి పంపుదాం. జపాన్ అమ్మాయి, నేను తోలు వాద్యాల మీద కలిసి రాస్తున్నాం. తెలుగులో ముందు వస్తుంది.

ఇక్కడ లలితకళల విద్యార్థులు పదిమంది దాకా ఉన్నారు. బయటి దేశానికి పిలుపొస్తే వెళ్లండి. భయపడకండి, మొహమాటపడకండి. నీ సంస్కృతి ఏమిటని అడుగుతారు. తంగేడు చెక్క గురించి చెప్పండి. లంద గురించి చెప్పండి. ఆ పని చేసినవాళ్ల పేర్లు చెప్పండి. తర్వాత, మీ దేశంలో ఈ పని ఎవరు చేస్తారని వాళ్లని అడగండి.

జై భీమ్.